తగ్గిన బరువు మళ్ళీ రాకుండా ఏం చేయాలి? ఇంటి తిండి తింటూ, ఉద్యోగం చేసుకుంటూ

హబ్సిగూడ_సుజాత
బరువు తగ్గడం ఎలా అని అడగడం లేదు, తగ్గింది నిలబెట్టుకోవడం ఎలాగో చెప్పండి. వయసు 39, ఎత్తు 157 సెంటీమీటర్లు, ఇవాళ్టి బరువు 74 కిలోలు. పోయినేడు ఒక స్లిమ్మింగ్ సెంటర్లో ప్యాకేజీ కట్టి 66కి వచ్చాను. పొద్దున పౌడరు, రాత్రి పౌడరు, మధ్యాహ్నం ఉడకబెట్టిన కూరలు. ప్యాకేజీ అయ్యాక ఏం తినాలి అంటే ఇంకో ప్యాకేజీ చూపించారు. దసరా అయింది, పెళ్ళిళ్ళు అయ్యాయి, సంక్రాంతి అరిసెలు అయ్యేసరికి బరువంతా తిరిగొచ్చేసింది.

మొన్న రక్తపరీక్షలో హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 5.9 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు కానీ అటే వెళ్తున్నావు అన్నారు డాక్టరు. మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు నొప్పి. ఆఫీసు రాయదుర్గం, మెట్రోలో వెళ్ళిరావడం. ఇంటికి చేరేసరికి రాత్రి ఏడున్నర, భోజనం తొమ్మిదిన్నర. సాయంత్రం వంట అత్తయ్యది. నా ఒక్కదానికి వేరే వండుకునే తీరిక లేదు. వారంలో అయిదు కిలోలు లాంటివి వద్దు. ఏళ్ళ తరబడి చేయగలిగింది చెప్పండి.

నడకమనిషి
ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ మీకు పక్కనే కదమ్మా. పొద్దున అయిదున్నరకి నడవండి. చెట్లు, మంచి రోడ్లు, తోడుగా బోలెడు మంది. నేను రిటైరైన దగ్గర్నుంచి నడుస్తున్నాను, బీపీ మాత్ర డోసు కూడా తగ్గించారు.

గచ్చిబౌలి_జిమ్
నడకతో ఏమీ కాదండీ. డెబ్బై కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 250 క్యాలరీలు. ఆ తర్వాత ఒక సమోసా, ఒక చాయ్ తాగితే అక్కడికక్కడే సరి. జిమ్‌లో చేరండి, బరువులు ఎత్తండి.

నడకమనిషి
సమోసా తినమని నేను చెప్పలేదు బాబూ.

రాజన్న_జొన్నరొట్టె
అక్కా, రాత్రి బువ్వ బంద్ వెట్టు. జొన్నరొట్టె తిను. మా నాయిన డెబ్బై అయిదేండ్లకు గూడ పొలం కాడికి నడిసే పోతుండె. పొట్ట అన్న ముచ్చటే లేకుండె. రొట్టె, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ, గంతే. నేను గూడ మూడేండ్ల సంది రాత్రి రొట్టెనే తింటున్న.

దమ్_బిర్యానీ
ఇంతవరకు ఎవరూ బిర్యానీ మాట ఎత్తలేదు. దయచేసి అలాగే కానివ్వండి.

తార్నాక_లక్ష్మి
రాజన్న గారూ, రొట్టె మంచిదే, కానీ మీరు చెప్పిన కారణం వేరు, అది పనిచేసే కారణం వేరు. వంద గ్రాముల జొన్నపిండిలోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ క్యాలరీలు ఇంచుమించు సమానం, 350కి అటూ ఇటూ. తేడా పీచులో ఉంది. రెండు రొట్టెలు నమలడానికి పట్టే టైములో మూడుసార్లు మారు అన్నం పెట్టుకోవచ్చు, తేడా అక్కడ కూడా ఉంది. అయిదు రొట్టెలు తింటే మాత్రం అన్నానికీ దానికీ తేడా ఏమీ ఉండదు. మీ నాన్నగారు సన్నగా ఉన్నది పొలం దాకా నడిచి, పొలంలో పని చేసి. ఆ పని మనకు లేదు.

సుజాత గారూ, మీకు బియ్యం, జొన్న అనే గొడవకన్నా ముందు చూసుకోవాల్సిన లెక్క ఒకటుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 క్యాలరీల తిండికి అందులో ఇచ్చిన లెక్క ఇది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు. ధాన్యాలూ పప్పులూ వండకముందు తూకం.

ఈ 250 గ్రాములు అన్నానికి మాత్రమే కాదు, రోజు మొత్తానికి. మన ఇళ్ళలో జరిగేది ఏమిటంటే, పొద్దున ఇడ్లీయో దోసెయో ఉప్మాయో, అది ధాన్యమే. మధ్యాహ్నం అన్నం, ధాన్యమే. సాయంత్రం ఉస్మానియా బిస్కెట్, మైదా. రాత్రి అన్నమో చపాతీయో. 'నేను రెండు పూటలే కొంచెం అన్నం తింటాను' అనేవాళ్ళ ధాన్యం లెక్క తీస్తే నాలుగు వందలు దాటుతుంది. టిఫిన్‌ని ఎవరూ లెక్కలో వేయరు. పైగా కూర్చుని పనిచేసే ఆడవాళ్ళకు భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పిన అవసరం రోజుకు 1,660 క్యాలరీలే. అంటే మీకు ఆ 250 కూడా ఎక్కువే, 180-200 దగ్గర ఆగితే మంచిది.

పప్పు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మనిషికి 85 గ్రాములంటే అయిదుగురికి నాలుగు వందల పాతిక గ్రాములు. మీ ఇంట్లో రోజూ అంత పప్పు ఉడుకుతుందా? గ్లాసుడు కందిపప్పు వేసి, నీళ్ళు పోసి, పులుసు చేసి అయిదుగురం తింటాం. గుడ్డు, చికెన్, చేప తినేవాళ్ళు పప్పులో కొంత వాటితో భర్తీ చేసుకోవచ్చు. మాంసకృత్తులు సరిపోకపోతే ఆకలి తీరదు. మళ్ళీ అన్నమే తింటాం.

రాజన్న_జొన్నరొట్టె
మేడం, అయిదు రొట్టెలు ఎవ్వరు దినరు. రెండు తింటెనే కడుపు నిండుతది. నేను చెప్పింది గదే.

తార్నాక_లక్ష్మి
అవును, అందుకే మానమనలేదు. రెండు చాలు అన్నారు చూడండి, అదే ముఖ్యం.

హబ్సిగూడ_సుజాత
టిఫిన్ లెక్క చదివి కిచెన్‌లోకి వెళ్ళి తూకం వేశాను. మా ఇంట్లో ఒక్కరికి వేసే ఉప్మా రవ్వ ఎనభై గ్రాములు ఉంది. పప్పు అయిదుగురికి 150. ఇంతకాలం నాకు ఇచ్చిన ఏ డైట్ షీట్‌లోనూ ఇంటి పప్పు గిన్నె గురించి అడిగినవాళ్ళు లేరు.

ఫిజియో_అంబర్‌పేట
మోకాలు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. దిగేటప్పుడే నొప్పి అంటున్నారు. మెట్లు దిగేటప్పుడు మోకాలిచిప్ప మీద ఎక్కేటప్పటికన్నా ఎక్కువ భారం పడుతుంది. కాబట్టి మెట్రో స్టేషన్‌లో ఎక్కడానికి మెట్లు వాడండి, దిగడానికి ఎస్కలేటర్ వాడండి. అందరూ దీనికి తిరగేసి చేస్తుంటారు.

తొడ కండరం గట్టిపడితే మోకాలికి సగం బాధ తగ్గుతుంది. జిమ్ అక్కర్లేదు. ఇంట్లో డైనింగ్ కుర్చీ గోడకు ఆనించి పెట్టండి, జరగకూడదు. అంచున కూర్చోండి, పాదాలు భుజాల వెడల్పున నేల మీద, చేతులు గుండెల మీద. కొంచెం ముందుకు వంగి, మడమల మీద బరువు వేసి లేవండి. లేచేటప్పుడు కాదు, కూర్చునేటప్పుడు నెమ్మదిగా, ధబేల్మని పడకుండా. ఎనిమిదో పదో చేసి ఆగి, మళ్ళీ అన్ని చేయండి. రోజు విడిచి రోజు చాలు. నొప్పి వస్తే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. కొన్ని వారాలకు తేలికైపోతే వీపుకి పిల్లల స్కూల్ బ్యాగు తగిలించుకుని చేయండి. దాంతోపాటు గోడకు చేతులు ఆనించి పుషప్స్.

నొప్పితోపాటు వాపు ఉన్నా, మోకాలు పట్టేసినట్టు ఇరుక్కున్నా ఇవేవీ చేయకుండా ముందు చూపించుకోండి.

గచ్చిబౌలి_జిమ్
ఇదే నేను అన్నది, బరువుల వ్యాయామం. కుర్చీ అయితే ఏంటి, బార్ అయితే ఏంటి. తిండి తగ్గించి ఊరుకుంటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. తర్వాత బరువు తిరిగొచ్చినప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది. సుజాత గారి పౌడర్ ప్యాకేజీలో జరిగింది అదే అయ్యుంటుంది.

ఫిజియో_అంబర్‌పేట
ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా వారానికి 150 నిమిషాల నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని. మనవాళ్ళు మొదటి సగం విని రెండో సగం వదిలేస్తారు.

సూపు_సత్యం
నేను కొబ్బరినూనె, సూపుల డైట్ చేశాను. నెలలో పన్నెండు కిలోలు తగ్గాను. డాక్టర్లకు నచ్చదు కానీ పని చేస్తుంది.

ఉప్పల్_పద్మ
ఇప్పుడెంత ఉన్నారు?

సూపు_సత్యం
అయిదు కిలోలు ఇంకా అలాగే తగ్గి ఉన్నాను. పన్నెండూ నిలబడకపోయినా అయిదు నిలబడ్డాయి కదా.

డాక్టర్_వనస్థలిపురం
సత్యం గారూ, మొదటివారంలో పోయేదాంట్లో చాలాభాగం నీరు. ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఒక్కో గ్రాముతో మూడు గ్రాముల దాకా నీరు ఉంటుంది. అన్నం ఆపగానే రెండూ కలిసి పోతాయి, తినగానే రెండూ కలిసి వస్తాయి. కాబట్టి మీకు తిరిగొచ్చిన ఏడు కిలోల్లో కొంత అసలు కొవ్వే కాదు.

నా భయం వేరే. బరువు మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇలాంటి డైట్ల తర్వాత కుడిపక్క నొప్పితో వచ్చినవాళ్ళను చూశాను. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడుతూ ఎవరికీ చెప్పకుండా తిండి ఆపేస్తే షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. ఇది చదివేవాళ్ళలో మందులు వాడేవాళ్ళుంటే డాక్టరుతో మాట్లాడకుండా ఉపవాసాలు మొదలుపెట్టకండి. వారానికి అరకిలో, మహా అయితే కిలో. అంతకు మించి వద్దు.

మల్కాజిగిరి_మాధవి
నూనె గురించి చెప్పాలి. తార్నాక లక్ష్మి గారు 27 గ్రాములు అన్నారు కదా, మా ఇంట్లో నలుగురం, అయిదు లీటర్ల డబ్బా నెల తిరక్కుండానే అయిపోయేది. 'మేం నూనె ఎక్కువ వాడం' అనుకునే ఇల్లే మాది. ఎవరి ఇంట్లో అయినా అలాగే అనుకుంటారు.

చేసిందల్లా ఇదీ. డబ్బా తెరిచిన రోజు తేదీ స్కెచ్ పెన్‌తో డబ్బా మీదే రాయడం మొదలుపెట్టాను. తర్వాత పొయ్యి పక్కన ఉండే నూనె క్యాన్ తీసేశాను. సన్న మూతి క్యాన్‌తో ధార పోస్తుంటే ఎంత పడుతోందో కంటికి తెలియదు. దాని బదులు స్టీలు డబ్బాలో నూనె, అందులో ఒక చిన్న గరిటె. బెండకాయ వేపుడికి మా అత్తగారు ఆరు గరిటెలు వేసేవారు, ఆమెకే లెక్క తెలిసింది, ఆమే ఆశ్చర్యపోయారు. ఇప్పుడు బెండకాయలు కడిగి గుడ్డతో తుడిచి, ముక్కలు కాసేపు ఆరబెట్టి వేస్తాం. తడి లేకపోతే జిగురు రాదు, రెండున్నర గరిటెలతో కరకరలాడుతూ వేగుతాయి. వంకాయ, దొండకాయ ముందు ఆవిరి మీద సగం ఉడికించి తర్వాత పోపులో వేస్తాం. దోసెకు చుట్టూ నూనె పోయడం మానేసి ఉల్లిపాయ ముక్కతో పెనం తుడుస్తాం. ఆవకాయ మీద తేలే నూనె అన్నంలో కలుపుకోవడం పిల్లలు మానలేదు, అది వాళ్ళిష్టం.

పూరీ ఆపలేదు. నెలకోసారి ఆదివారం పూరీ ఉంటుంది, ఆ రోజు లెక్క చూడం. ఇప్పుడు అదే డబ్బా నెలన్నర వస్తోంది. డైట్ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాలేదు, మా వారి ప్యాంట్లు వదులయ్యాయి.

లెక్కల_మాస్టారు
మాధవి గారి డబ్బాకు లెక్క వేశాను. నెలకు అయిదు లీటర్ల నుంచి 3.33కి వచ్చింది. తగ్గింది 1.67 లీటర్లు, బరువులో సుమారు 1,520 గ్రాములు. గ్రాముకు 9 క్యాలరీల చొప్పున 13,680. నలుగురికి పంచితే మనిషికి నెలకు 3,420. కిలో కొవ్వుకు 7,700 క్యాలరీలు అనుకుంటే నెలకు అరకిలోకు కాస్త తక్కువ. ఎవరూ ఆకలితో ఉండకుండా.

డాక్టర్_వనస్థలిపురం
లెక్క సరైనదే మాస్టారూ, కానీ అది మొదటి నెలలకే. బరువు తగ్గేకొద్దీ ఒంటి ఖర్చు కూడా తగ్గుతుంది, కాబట్టి అదే తిండికి ఒక దగ్గర ఆగిపోతుంది. ఆగిపోగానే 'ఇది పనిచేయడం లేదు' అని వదిలేస్తారు, అసలు చిక్కు అక్కడ. ఆగిన చోట ఆగి ఉండడం కూడా ఫలితమే.

రాత్రిషిఫ్టు_రవి
ఇవన్నీ పగలు బతికేవాళ్ళ కబుర్లు. మాది యూఎస్ షిఫ్టు, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారు మూడున్నర. మూడున్నరకు క్యాబ్ దిగగానే ఆకలి. ఆ టైముకు దొరికేది మాధాపూర్‌లో రోడ్డు పక్క ఎగ్ దోసె, ఫ్రైడ్ రైస్. నాకెవరైనా చెప్పండి.

కూకట్‌పల్లి_కిరణ్
నేను ఏడేళ్ళు అదే షిఫ్టు చేశాను తమ్ముడూ. షిఫ్టు మధ్యలో, పదిన్నర పదకొండుకి ఇంటి డబ్బా తినేసేయ్, అదే నీ పెద్ద భోజనం. మూడు గంటలకు ఆఫీసులోనే రెండు ఉడికించిన గుడ్లు, లేదా వేయించిన సెనగలు, మజ్జిగ. అవి బ్యాగులో ఉంటే క్యాబ్ దిగాక కాళ్ళు బండి వైపు పోవు. అన్నిటికన్నా ముఖ్యం నిద్ర. పగలు నాలుగు గంటలే పడుకుంటే ఎంత తిన్నా ఆకలి ఆగదు. కిటికీకి నల్ల కర్టెన్ వేయించు, ఫోన్ హాల్లో పెట్టు.

రాత్రిషిఫ్టు_రవి
సెనగల ఐడియా బాగుంది అన్నా. కర్టెన్ ఇవాళే కొంటా.

ఉప్పల్_పద్మ
ఆడవాళ్ళ విషయంలో ఇంకొకటి. నేనెప్పుడూ ఆఖరున తినేదాన్ని. పిల్లల కంచాల్లో మిగిలిన ముద్ద, గిన్నెలో మిగిలిన రెండు గరిటెల కూర, పొద్దుటి దోసెల్లో విరిగిన సగం. 'పారేస్తే పాపం' అని అన్నీ నా కడుపులోకే. నా భోజనం అంటే నేను వడ్డించుకున్నది కాదు, మిగిలింది. దాన్ని ఏ డైట్ షీటూ చూడదు.

ఇప్పుడు చేసేది: అందరికీ వడ్డించేటప్పుడే నా కంచం కూడా పెట్టేసుకుంటాను. సగం కంచం కూర, ఆకుకూర. ఒక గిన్నెడు పప్పు. అన్నం చివర. మిగిలింది వెంటనే చిన్న స్టీలు డబ్బాల్లో వేసి ఫ్రిజ్‌లో. పిల్లలకు మొదట తక్కువ పెట్టి, అడిగితే మళ్ళీ పెడతాను. ముందు మా ఇంట్లో వాళ్ళు 'ఏంటి కొత్తగా మాతో కూర్చుంది' అని చూశారు. వారం తర్వాత అలవాటైంది.

నడకమనిషి
మా ఇంట్లో కూడా ఆవిడ ఆఖర్నే తింటుంది. ఇవాళ రాత్రి నుంచి కలిసే తింటామని చెప్పాను. పద్మమ్మా, నీ పోస్టు ఆవిడకి చదివి వినిపించాను.

హబ్సిగూడ_సుజాత
పద్మ గారూ, మీరు నన్ను చూసి రాసినట్టుంది. కానీ అత్తయ్యకు నూనె తగ్గించమని, అన్నం తగ్గించమని ఎలా చెప్పాలి? ఆవిడ వండి పెట్టడమే నాకు పెద్ద సాయం. వంక పెట్టినట్టు అవుతుంది.

గచ్చిబౌలి_జిమ్
సూటిగా చెప్పేయండి, ఆరోగ్యం కదా.

మల్కాజిగిరి_మాధవి
జిమ్ తమ్ముడూ, నీకు పెళ్ళయిందా?

గచ్చిబౌలి_జిమ్
లేదక్కా. ఈ విషయంలో మాట్లాడను.

మల్కాజిగిరి_మాధవి
సుజాత గారూ, నా బరువు కోసం అని అడగకండి. ఆవిడకు బీపీయో షుగరో ఉండే ఉంటుంది, ఆవిడ ఆరోగ్యం కోసమే అని మొదలుపెట్టండి, అది నిజం కూడా. తగ్గించమని చెప్పే బదులు ఇంకో కూర ఎక్కువ చేయమని అడగండి. కూరగాయలు మీరే తరిగి పెట్టండి. తరగడమే పెద్ద పని, అందుకే ఒక్క కూరతో సరిపెడతారు. ఆదివారం పొద్దున్నే రైతుబజారుకు వెళ్ళి వారానికి సరిపడా తెచ్చి, బీన్స్, క్యారెట్, క్యాబేజీ తరిగి డబ్బాల్లో పెట్టేస్తే చాలు. ఆకుకూర మాత్రం రెండు రోజులకు మించి వద్దు. కంచంలో కూర పెరిగితే అన్నం దానంతటదే తగ్గుతుంది.

తార్నాక_లక్ష్మి
మాధవి చెప్పింది బంగారం. నాలుగు వందల గ్రాముల కూరగాయలు ఒక్క వేపుడుతో రావు. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర పప్పు, దోసకాయ పచ్చడి, ఇవన్నీ మనకు పుట్టినప్పటినుంచి తెలిసిన తిండే. క్వినోవా, అవకాడో అవసరం లేదు.

అమీర్‌పేట_అనిల్
ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి కదా, మౌంజారో, వెగోవీ. అవి తీసుకుంటే ఈ గరిటెల లెక్కలు అక్కర్లేదంటున్నారు.

డాక్టర్_వనస్థలిపురం
మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశంలోకి వచ్చాయి. బరువు తగ్గిస్తాయి, అందులో సందేహం లేదు. బీఎంఐ బాగా ఎక్కువగా ఉండి షుగర్, బీపీ కూడా ఉన్నవాళ్ళకు మేం రాస్తున్నాం. కానీ మందు ఆపితే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. మందు వాడుతున్నప్పుడు కూడా పప్పు, గుడ్డు, కండరాల వ్యాయామం లేకపోతే కండ పోతుంది. కాబట్టి గరిటెల లెక్క వాళ్ళకూ అవసరమే. డాక్టరు చీటీ లేకుండా, ఎవరో స్నేహితుడు ఇచ్చాడని మాత్రం పొడుచుకోకండి.

బోడుప్పల్_స్వాతి
నాకు థైరాయిడ్. అందుకే తగ్గనని అందరూ అంటారు.

డాక్టర్_వనస్థలిపురం
థైరాయిడ్ తక్కువ పనిచేయడం వల్ల పెరిగే బరువు చాలామందిలో రెండు నుంచి అయిదు కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, నీరు. మాత్ర సరిగ్గా పడి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో వచ్చే అంకె) అదుపులో ఉంటే మీరూ అందరిలాగే తగ్గుతారు. మాత్ర పరగడుపున, నీళ్ళతో. వెంటనే కాఫీ తాగొద్దు, అరగంటైనా ఆగండి.

దమ్_బిర్యానీ
అందరూ అన్నీ చెప్పేశారు కాబట్టి నేనే అడుగుతున్నాను. బిర్యానీ సంగతేంటి?

కూకట్‌పల్లి_కిరణ్
హోటల్ ప్లేటు ఇద్దరికి వస్తుంది. మా ఫ్రెండ్స్‌లో నలుగురం వెళ్తే రెండు చెప్తాం, ముందు ఒక ప్లేటు కబాబ్, ఉల్లిపాయ, పెరుగు. డబుల్ కా మీఠా ఒకటి తీసుకుని నాలుగు చెంచాలు. ఎవరూ బాధపడలేదు.

దమ్_బిర్యానీ
ప్రాణం లేచి వచ్చింది.

టోలిచౌకి_అక్బర్
మా దగ్గర రంజాన్‌లో రోజంతా ఉపవాసం ఉండి కూడా చాలామంది బరువు పెరుగుతారు. ఇఫ్తార్‌లో సమోసాలు, మిర్చీలు, షర్బత్, ఆపైన హలీమ్. నేను ఖర్జూరం, పళ్ళు, నీళ్ళతో ఉపవాసం విప్పి నమాజ్ అయ్యాకే భోజనం చేస్తాను. హలీమ్ తినే రోజు అదే భోజనం, దాని పక్కన ఇంకేం ఉండదు. తరావీహ్ (రంజాన్ రాత్రి నమాజ్) తర్వాత పదిన్నరకు మా గల్లీలో అరగంట నడక. ఆ టైముకు మా వైపు జనం, లైట్లు, అందరూ మెలకువే. పండగ నెలలో మానేస్తే ఆ తర్వాత మళ్ళీ మొదలుపెట్టడం చాలా కష్టం, అందుకే తక్కువ చేసినా ఆపను.

లెక్కల_మాస్టారు
సుజాత గారు అడిగిన అసలు ప్రశ్న నిలబెట్టుకోవడం కదా. అమెరికాలో 1994లో ఒక రిజిస్ట్రీ మొదలైంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా తిరిగి పెరగనివాళ్ళ అలవాట్లు అందులో నమోదు చేశారు. వాళ్ళలో ఎక్కువమంది రోజూ గంట దాకా ఏదో ఒక వ్యాయామం చేస్తారు, ఎక్కువగా నడకే. పొద్దున టిఫిన్ మానరు. వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. తగ్గించడంలో తిండిది పెద్ద పాత్ర, నిలబెట్టడంలో నడకది. జిమ్ గారూ, నడకమనిషి గారూ, ఇద్దరిదీ నిజమే.

నడకమనిషి
రోజుకు పదివేల అడుగులు అంటుంటారు, అది తప్పనిసరా మాస్టారూ?

లెక్కల_మాస్టారు
కాదు. ఆ అంకె 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి పెట్టుకున్నది. మూడు వేలు నడిచేవాళ్ళు ఆరు వేలకు వెళ్తే అదే చాలా మేలు.

మణికొండ_సైకిల్
ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న సైకిల్ ట్రాక్‌కు రండి. 23 కిలోమీటర్లు, ఎండ తగలదు, మోకాలికీ మంచిది.

హబ్సిగూడ_సుజాత
హబ్సిగూడ నుంచి అక్కడికి వచ్చి వెళ్ళేసరికి ఆఫీసు టైము అయిపోతుందండీ.

మణికొండ_సైకిల్
అదీ నిజమే. మీకు ఇంటి గుమ్మం నుంచి మొదలయ్యేది కావాలి.

ఫిజియో_అంబర్‌పేట
సుజాత గారూ, సాయంత్రం తార్నాకలో దిగి హబ్సిగూడకు నడవగలరా? కిలోమీటరు పైచిలుకు. ఫుట్‌పాత్ బాగాలేని చోట జాగ్రత్త. ఆఫీసు చెప్పులతో వద్దు, బూట్లు బ్యాగులో పెట్టుకోండి. రాత్రి భోజనం అయ్యాక ఇంటి ముందే పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుంది. మీ 5.9కి అది చాలా ఉపయోగం. భోజనం తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకు వస్తే ఇంకా మంచిది.

తార్నాక_లక్ష్మి
చాయ్ ఎన్నిసార్లు సుజాత గారూ? చెక్కెర ఎన్ని చెంచాలు?

హబ్సిగూడ_సుజాత
మూడుసార్లు, రెండేసి చెంచాలు.

తార్నాక_లక్ష్మి
చెంచాకు అయిదు గ్రాములు వేసుకున్నా రోజుకు 30 గ్రాములు. మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తానికి 20-25 మించకూడదు. చాయ్ మానొద్దు, చెంచాలు తగ్గించండి. ఒక్కసారిగా కాదు, అర చెంచా చొప్పున, రెండు మూడు వారాలకోసారి. నాలుక అలవాటు పడుతుంది. బెల్లం, తేనె వేసినా అవీ చక్కెర కిందే లెక్క. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్ వద్దు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు.

డాక్టర్_వనస్థలిపురం
కాటా రోజూ ఎక్కి కంగారు పడకండి. ఉప్పు ఎక్కువైనా, నెలసరి ముందైనా కిలో కిలోన్నర అటూ ఇటూ ఉంటుంది. వారానికి ఒకసారి, ఒకే రోజు, పొద్దున్నే చూసుకోండి. దాంతోపాటు నడుము చుట్టుకొలత టేపుతో చూడండి. మనవాళ్ళలో ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్త పడాలి. కాటా కదలని వారాల్లో కూడా టేపు కదలొచ్చు. మూడు నెలల తర్వాత హెచ్‌బిఎ1సి మళ్ళీ చేయించండి.

హబ్సిగూడ_సుజాత
అత్తయ్యతో మాట్లాడాను. ఆవిడకు బీపీ ఉంది కాబట్టి మాధవి గారు చెప్పిన దారే పట్టాను. కూరలు నేను తరిగిస్తానంటే వెంటనే ఒప్పుకున్నారు. నూనె క్యాన్ తీసి స్టీలు డబ్బా పెట్టాం. ఉప్మా రవ్వ సగం చేసి, మిగతా సగం బీన్స్, క్యారెట్, బఠాణీ వేసి చూశాం, పిల్లలు తిన్నారు. పొద్దున లేచి క్యాంపస్‌కు వెళ్ళడం నాకు కుదరదు, బాక్సుల టైము. సాయంత్రం తార్నాక నుంచి నడక, రోజు విడిచి రోజు కుర్చీ. దీన్ని దసరాలో కూడా ఆపను, పండగ రోజు పిండివంటలు తింటాను, మర్నాడు మామూలు కంచం.

రాజన్న గారూ, అత్తయ్య జొన్నరొట్టె చేస్తానంటున్నారు. మాది కోస్తా వైపు, మాకు అలవాటు లేదు. మొదటిసారి చేస్తే ముక్కలైపోయాయి. ఎలా చేయాలి?

రాజన్న_జొన్నరొట్టె
గది అడుగాలె అక్కా! నీళ్ళు మసలాలె, గోరువెచ్చగ ఉంటె పిండి పట్టుకోదు. చిటికెడు ఉప్పేసి, మసులుతున్న నీళ్ళు పిండిల కొన్ని కొన్ని పోసుకుంట గరిటెతోని కలుపాలె. చెయ్యి పట్టేంత సల్లారినంక అరచేతి మడమతోని బాగ పిసుకాలె, కనీసం అయిదు నిమిషాలు. పిండి అంత ఒక్కసారి కలిపి పెట్టొద్దు, రొట్టెకు రొట్టె పిసుక్కోవాలె. పీట మీద పొడిపిండి సల్లి, చేత్తోని తట్టుకుంట తిప్పాలె. పెనం మీద ఏసినంక పైన తడిగుడ్డతోని నీళ్ళు అద్దాలె, నీళ్ళు ఆరంగనే తిరగెయ్యాలె. నూనె సుక్క గూడ వద్దు.

ఇంకోటి, పిండి పాతదైతే ఎంత జేసినా ఇరుగుతది. పాకెట్ పిండి కొనకు. జొన్నలు తెచ్చి గిర్నిల పట్టించు, కిలో రెండు కిలోలు, పదిహేను రోజులల్ల అయిపోయేటట్టు.

ఉప్పల్_పద్మ
హబ్సిగూడ వీధి నంబర్ ఎనిమిది వైపు గిర్నీ ఏదైనా ఉందా? నాకూ కావాలి.

తార్నాక_లక్ష్మి
తార్నాకలో మా సందులో ఉంది. సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా తెరుస్తాడు, జొన్నలకు బుధవారం, శనివారం. గోధుమల తర్వాత పట్టిస్తే పిండిలో గోధుమ కలుస్తుంది, అందుకే ఆ రోజుల్లోనే వెళ్ళండి. సుజాత గారూ, మీరు దిగి నడిచే దారే, మెసేజ్ పెట్టండి, గుర్తులు చెప్తాను.